ఒప్పందం ఒకటే.. చేతికొచ్చేది వేరు: అమెరికా ఆటగాళ్ల జీతాలపై రాష్ట్రాల పన్ను

మహమ్మద్ సిరాజ్ బెంగళూరు జట్టును వదిలి 12.25 కోట్ల రూపాయలకు గుజరాత్ టైటాన్స్‌కు వెళ్లాడు. రాష్ట్రం మారినా అతని ఆదాయపు పన్ను రేటు మారలేదు. మన దేశంలో జీతాలపై ఆదాయపు పన్ను కేంద్రానిది. రాష్ట్రాలు వేసే వృత్తి పన్ను ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదని రాజ్యాంగమే చెబుతోంది.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ 37 శాతం వరకు ఉండే ఫెడరల్ పన్ను అందరికీ ఒకటే. దాని మీద రాష్ట్రాలు తమ పన్ను తాము వేసుకుంటాయి. కాలిఫోర్నియాలో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 13.3 శాతం. టెక్సాస్, ఫ్లోరిడా, నెవాడా, టెన్నెసీల్లో జీతంపై రాష్ట్ర పన్నే లేదు. అందుకే ఒకే మొత్తానికి సంతకం చేసిన ఇద్దరు ఆటగాళ్ల చేతికి ఒకే మొత్తం రాదు.

ఆడిన చోటల్లా పన్ను

అలాగని టెక్సాస్‌లో ఇల్లు కొనుక్కుంటే సరిపోదు. వేరే రాష్ట్రంలో ఆడటానికి వెళితే, అక్కడ పనిచేసిన రోజులకు ఆ రాష్ట్రం పన్ను వేస్తుంది. దీన్నే 'జాక్ ట్యాక్స్' అంటారు. 1991లో షికాగో బుల్స్ చేతిలో లాస్ ఏంజెలిస్ లేకర్స్ ఫైనల్ ఓడాక, కాలిఫోర్నియా బుల్స్ ఆటగాళ్ల నుంచి పన్ను అడిగింది. బదులుగా ఇల్లినాయ్ కూడా అలాంటి చట్టమే తెచ్చింది. ఆ తర్వాత ఇది చాలా రాష్ట్రాలకు పాకింది.

లెక్క ఇలా ఉంటుంది. టెక్సాస్ జట్టు ఆటగాడి జీతం 2 కోట్ల డాలర్లు, సీజన్‌లో మొత్తం పనిదినాలు 200 అనుకుందాం. అందులో 10 రోజులు కాలిఫోర్నియాలో గడిస్తే, జీతంలో ఇరవయ్యో వంతు, అంటే 10 లక్షల డాలర్లు అక్కడి పన్ను కిందకు వస్తాయి. సుమారు 13 శాతం చొప్పున లక్షా 30 వేల డాలర్లు పోయినట్టే.

దారి ఉన్నవాళ్లు, లేనివాళ్లు

పెద్ద స్టార్లకు దారులున్నాయి. 2023 డిసెంబర్‌లో షోహెయ్ ఒహ్తాని డాడ్జర్స్‌తో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఏటా తీసుకునేది 20 లక్షలే. మిగిలిన 68 కోట్లు 2034 నుంచి 2043 మధ్య అందుతాయి. అప్పటికి అతను కాలిఫోర్నియా వదిలి వెళ్తే, ఆ సొమ్ముపై రాష్ట్రానికి పన్ను దక్కకపోవచ్చు. పదేళ్లు, అంతకుమించి సమాన వాయిదాల్లో వచ్చే ఇలాంటి చెల్లింపులను గ్రహీత నివసించే రాష్ట్రం తప్ప వేరే రాష్ట్రం ముట్టుకోకూడదని 1996 నాటి ఫెడరల్ చట్టం అంటోంది. ఈ వాయిదాలకు పరిమితి పెట్టాలని 2024 జనవరిలో కాలిఫోర్నియా కంట్రోలర్ మలియా కోహెన్ కాంగ్రెస్‌ను కోరారు.

జట్టుతో తిరిగే ట్రైనర్లు, కోచింగ్ సిబ్బందికి ఇంత వెసులుబాటు ఎక్కడిది? 'ఆడిన రోజుల' నిబంధనలు చాలా రాష్ట్రాల్లో వాళ్లకూ వర్తిస్తాయి. మామూలు జీతగాడు కూడా వెళ్లిన రాష్ట్రాల్లో రిటర్నులు వేసుకోవాలి. సొంత రాష్ట్రంలో పన్ను ఉంటే, బయట కట్టినదానికి అక్కడ మినహాయింపు దొరుకుతుంది. టెక్సాస్ మనిషికి అదీ లేదు. కట్టింది పోయినట్టే.

ఈ సూత్రం ఆటగాళ్లకే పరిమితం కాదు. డాలస్‌లో ఉంటూ క్లయింట్ పని మీద కాలిఫోర్నియా వెళ్లొచ్చే తెలుగు ఐటీ ఉద్యోగికీ వర్తిస్తుంది. తేడా ఒక్కటే. ఆటగాడి జీతం, మ్యాచ్ తేదీలు అందరికీ తెలుసు కాబట్టి పన్ను శాఖకు అతన్ని పట్టుకోవడం తేలిక.

కాబట్టి ఇన్ని కోట్ల డాలర్లకు సంతకం అన్న వార్త చదివితే సగం సంగతే తెలిసినట్టు. ఏ రాష్ట్రంలో, ఎన్ని రోజులు, ఎప్పుడు చెల్లింపు? ఈ మూడూ తెలిస్తేనే అసలు సంపాదన తేలుతుంది. వాటిని ముందే మలచుకునే బలం మాత్రం పెద్ద జీతగాళ్లకే ఉంది.