రైలెక్కాల్సిన సైకిలు

స్త్రీల సంచార స్వేచ్ఛ అనగానే మనం వీధి దీపాల గురించి, బస్సుల్లో వేధింపుల గురించి, మహిళా కంపార్ట్‌మెంట్ల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ ముఖ్యమైనవే. కానీ ఆ చర్చలన్నిట్లోనూ స్త్రీ ఎవరో ఒకరు చేరవేయాల్సిన ప్రయాణికురాలే. తన వాహనాన్ని తాను వెంట తీసుకుపోయే మనిషిగా ఆమెను ఎవరూ ఊహించరు. రైల్లో సైకిల్ వేసుకుని బయల్దేరితే ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

పోయిన చలికాలం మేం ముగ్గురు స్త్రీలం జహీరాబాద్ నుంచి బీదర్ మీదుగా కలబురగి దాకా సైకిళ్ల మీద వెళ్లాలనుకున్నాం. హైదరాబాద్ నుంచే తొక్కుకుంటూ పోవచ్చు గదా అన్నారు కొందరు. 65వ నంబరు జాతీయ రహదారి మీద పటాన్‌చెరు, సంగారెడ్డి దాటేదాకా లారీల మధ్య తొక్కడమంటే ఏమిటో ఆ దారిన పోయేవారికి తెలుసు. వికారాబాద్ నుంచి బీదర్ వెళ్లే రైలు మార్గంలోనే జహీరాబాద్ ఉంది. అందుకని సైకిళ్లను రైలెక్కించాం.

రైల్వే నిబంధనల ప్రకారం సైకిల్ ఉచిత లగేజీ కిందికి రాదు. బండి కదలడానికి కనీసం అరగంట ముందు లగేజీ ఆఫీసులో అప్పగించి, డబ్బు కట్టి, రసీదు తీసుకోవాలి. దాన్ని బ్రేక్ వ్యానులో వేస్తారు. రాతలో ఆడా మగా తేడా లేదు. తేడా అమలులో ఉంది. మేం బయల్దేరిన స్టేషన్‌లో గుమాస్తా "మగవాళ్లెవరూ రాలేదా అమ్మా?" అని అడిగాడు. సైకిళ్లు మావేనంటే ఒక పట్టాన నమ్మలేదు. హమాలీకి అడిగినంత ఇచ్చాం. చిన్న స్టేషన్లలో బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలే. ఆలోపు రైలు చివరికి పరుగెత్తి, వ్యాను తలుపు తీయించి, సైకిళ్లు దింపుకోవాలి.

మా దగ్గర డబ్బుంది, చదువుంది, నోరుంది. కనుక పని జరిగింది. అవి లేని స్త్రీ సంగతేమిటి? ప్యాసింజరు బండ్ల కిటికీ ఊచలకు పాలక్యాన్లు, సైకిళ్లు తగిలించుకుని పోయే మగవాళ్లు ఈ దేశంలో కొత్త కాదు. ఎవరైనా అడ్డుకుంటే బతిమాలో గద్దించో సర్దుకుంటారు. సదుపాయం లేనిచోట మగవాడిని పరిచయాలు, చొరవ ఆదుకుంటాయి. అక్కడే స్త్రీకి ప్రశ్నలు ఎదురవుతాయి: ఎవరి మనిషివి, ఎక్కడికి పోతున్నావు? అందుకే రాతపూర్వకమైన ఏర్పాటు అవసరం మనకే ఎక్కువ.

ఇది పట్నపు స్త్రీల సరదా అనేవారున్నారు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సైకిల్ నేర్పడాన్ని కూడా తన పనిగా పెట్టుకుంది. కలెక్టర్ షీలా రాణి చుంకత్ ప్రోత్సాహంతో వ్యవసాయ కూలీలు, క్వారీ కార్మికులు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ల పథకం పెట్టింది. దానిపై కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం హైస్కూల్లో చేరే బాలికలు 32 శాతం పెరిగారు, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గింది. జహీరాబాద్ చుట్టుపక్కల దళిత స్త్రీల సంఘాలు పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగాయి. ఎక్కడికి పోవాలో, వెంట ఏం తీసుకుపోవాలో ఆ స్త్రీలే నిర్ణయించుకున్నారు. సంచారమంటే అదీ.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితమైంది. మంచి మార్పు. కానీ బస్సో రైలో దిగాక ఊరిదాకా మిగిలే నాలుగైదు కిలోమీటర్లకు ఆటో కోసమో, అన్న బండి కోసమో ఎదురుచూడాలి. ఆడపిల్లను కాలేజీ మానిపించే మాట చాలా ఇళ్లలో ఆ నాలుగు కిలోమీటర్ల దగ్గరే పుడుతుంది.

జర్మనీ ప్రాంతీయ రైళ్లలో సైకిల్ గుర్తు వేసిన పెట్టెలున్నాయి. సైకిల్‌కు టికెట్టు కొని దాన్ని పక్కనే పెట్టుకోవచ్చు. ముంబై లోకల్ రైళ్లలో సరుకులకు విడి పెట్టెలున్నాయి. మన ప్యాసింజరు బండ్లలో ఒక పెట్టెలో అలాంటి చోటు గుర్తించడం అసాధ్యమేమీ కాదు. దక్షిణ మధ్య రైల్వేను మనం అడగాల్సినవి మూడు: మహిళా పెట్టె పక్కనే సైకిళ్లకు చోటు, సాధారణ టికెట్టు కౌంటర్లోనే సైకిల్ టికెట్టు, తక్కువ దూరాలకు నామమాత్రపు రుసుము. సంఘాలు ఈసారి రాసే విజ్ఞాపన పత్రంలో వీధి దీపాల పక్కనే ఈ మూడూ చేరాలి.