పాత గిటారును వేలం వేయవలెనా?

మన కళాశాల సామానుల గదిలో, విరిగిన క్యారమ్ బోర్డుల వెనుక, నాలుగు తంత్రుల బేస్ గిటారు ఒకటి ఉన్నది. వార్షికోత్సవాలలో ఉర్దూ గజల్‌కూ, తెలుగు లలిత గీతానికీ అడుగున నిలిచి మంద్రస్వరం పలికిన వాద్యమది. ఈ సంవత్సరం వేలం వేయదలచిన పనికిరాని వస్తువుల జాబితాలో దాని పేరు కూడ చేరినది. పికప్ చచ్చిపోయినదని, కొత్త గిటారు కొనుక్కోవడమే మేలని పట్టణంలోని ఒక దుకాణదారు చెప్పిన మాటే ఇందుకు ఆధారం. ఆయన మూత విప్పి చూడలేదు. ఆ తీర్పుతో మేము ఏకీభవించలేకున్నాము.

పికప్ అనునది అంతుపట్టని వస్తువేమీ కాదు. తంత్రుల క్రింద చిన్న అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ వెంట్రుక వంటి రాగితీగతో వేల చుట్లు, అంతే. ఉక్కు తంత్రి కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, ఆ చుట్లలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమిదే. మన ఇంటర్మీడియట్ విద్యార్థులు పరీక్షలో వ్రాయుచున్నదీ ఇదే. అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను విడుదల చేసినాడు. 1957లో దాని పికప్‌ను రెండు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు రెండేసి తంత్రులు అప్పగించినారు. ఆ ముక్కలలో అయస్కాంతాలూ, చుట్లూ ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండుటచేత, బయటి కరెంటు తీగల నుండి చొరబడే రొద చాలవరకు అణగిపోవును. మన గిటారు అసలు ఫెండరు కాదు, ఆ నమూనాకు అనుకరణ మాత్రమే.

భౌతికశాస్త్ర విభాగం వారి మల్టీమీటరును అడిగి తెచ్చుకొని, ఇద్దరు విద్యార్థులతో కలిసి ఒక ఆదివారం దానిని విప్పినాము. పికప్‌లో ఒక ముక్క సుమారు 5 కిలో ఓముల నిరోధం చూపినది. రెండవ ముక్క వద్ద ముల్లు కదలలేదు. రెండు ముక్కలూ ఒకే వరుసలో కలిపి ఉన్నందున, ఒకటి తెగితే రెండూ మూగవోవును. లోపలి చుట్లు తెగి ఉంటే మొత్తం విప్పి కొత్త తీగ చుట్టించవలసి వచ్చెడిది. అప్పుడు మేమే ఓటమి ఒప్పుకొని ఉండెడివారము. కాని తెగినది చివరి కొన, టంకం పెట్టినచోట. అక్కడ పచ్చని చిలుము పట్టి ఉన్నది. చిలుము గీకి, కొనను తిరిగి అతికించగా మీటరు 10 కిలో ఓములు చూపినది. ఆ క్షణాన మా విద్యార్థుల ముఖాలు చూడవలసినవే!

అయినను స్వరం నీరసంగానే ఉన్నది. పికప్ క్రింద ఉండవలసిన స్పాంజి ఏళ్ల తరబడి ఎండి, పొడియై, పికప్ లోనికి కుంగిపోయినది. కొత్త స్పాంజి ముక్కలు పెట్టి, మరలు త్రిప్పి పైకి తెచ్చినాము. ఎంత దగ్గరైతే అంత మంచిదని విద్యార్థుల వాదన. సరే, అట్లే కానిమ్మన్నాము. అయస్కాంతం తంత్రిని లాగుటచేత మీటిన స్వరం అలలవలె ఊగి, శ్రుతి తప్పి, నిలువకుండా పోయినది. వారే మరల క్రిందికి దించినారు. చివరి మెట్టు వద్ద తంత్రిని నొక్కి పట్టి చూడగా, లావు తంత్రి క్రింద సుమారు 3 మిల్లీమీటర్లు, సన్న తంత్రి క్రింద కొంచెం తక్కువ ఎడము వద్ద నాలుగు తంత్రులూ సమంగా పలికినవి. ఈ కొలతతో పని మొదలు పెట్టవచ్చును గాని, ముగించవలసినది చెవి. సంగీతం వినని చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చి ప్రయోజనం లేదు.

కొత్త గిటారు కొనవద్దని మేము అనడం లేదు. కొన్న గిటారుకు కూడ స్పాంజి ఎండును, టంకం ఊడును. అప్పుడు దానిని విప్పగలవారు మన విద్యార్థులలో ఉన్నారా అన్నదే మా ప్రశ్న. ఈసారి ఇద్దరు తయారైనారు.

ఇక కమిటీవారికి మా మనవి రెండే. వేలం జాబితా నుండి ఆ వాద్యం పేరు కొట్టివేయవలెను. శబ్దం పెంచే మీట త్రిప్పినప్పుడల్లా ఇంకను గరగరమనుచున్నది. శుభ్రం చేసి చూచినాము, లాభం లేకపోయినది. 250 కిలో ఓముల పొటెన్షియోమీటరు ఒకటి మంజూరు చేయవలెను.