రెండు ప్లస్సులా, మూడు ప్లస్సులా?

మన సీమలో జ్వరానికి భయపడేవాళ్లు తక్కువ. వేలు తెగితే గుడ్డపేలిక చుట్టుకొని చేనికి పోయేవాళ్లే ఎక్కువ. కానీ "నరాలు" అన్న మాట చెవిన పడితే మాత్రం ఎంతటి గుండెదిటవు గలవాడికైనా ఒళ్లు చల్లబడుతుంది. ఇది చదువురానివాళ్ల భయమనుకుంటే పొరపాటు. డిగ్రీలూ పీజీలూ చదివేవాళ్లలోనే ఎక్కువగా చూశాను. ఆ భయంలో ఒక చిన్న ముక్క గురించి, అంటే మోకాటి మీద డాక్టరు కొట్టే రబ్బరు సుత్తి గురించి, ఇక్కడ నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. చిన్న విషయమే గదా అని పేజీ తిప్పవద్దని మనవి.

నాకు బాగా తెలిసిన ఒక విద్యార్థి ఉన్నాడు. ఆళ్లగడ్డ దగ్గర పల్లె వాళ్లది. పరీక్షల ముందు నిద్ర చాలక కాళ్లలో తిమ్మిర్లు, పిక్కల్లో అదురు మొదలైనాయి. ఆళ్లగడ్డలో ఒక డాక్టరు సుత్తితో కొట్టి చూసి, చీటీ మీద మోకాటి జర్క్ "మూడు ప్లస్సులు" అని రాశాడు. నంద్యాలలో ఇంకొకాయన "రెండు ప్లస్సులు, అంతా మామూలే" అన్నాడు. మూడో ఆయన మోకాళ్లు సరేగానీ చీలమండ దగ్గర కాస్త తక్కువగా ఉందని గొణిగి, బలానికి మాత్రలు రాసి పంపాడు. ముగ్గురూ చూసింది అవే కాళ్లను, అదీ పదిరోజుల లోపల.

"ఏమప్పా, ఒకాయన ఎక్కువంటాడు, ఒకాయన తక్కువంటాడు. ఇంతకూ నా నరాలు ఉండాయా, పోయినాయా?" అని అడిగాడు. ఆ తర్వాత హాస్టలు మంచం అంచున కూర్చొని, దువ్వెన వెనకవైపుతో మోకాలు కొట్టుకొని చూసుకోవడం అలవాటైంది. కాలు ఎగిరితే ఒక భయం, ఎగరకపోతే ఇంకో భయం. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య 40 కిలోమీటర్ల దారిలో బస్సు చార్జీలు పెట్టినంత పెట్టాడు. స్కానింగుకు వాళ్ల నాయన అప్పు చేశాడు. స్కానింగులో ఏమీ లేదు. కానీ ఆ ఏడు ఒక పేపరు పోయింది. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ సుత్తి చూపించేదేమిటో ముందు తెలుసుకుందాం. మోకాటి చిప్ప కింది స్నాయువు మీద కొడితే తొడకండరం ఒక్క క్షణం సాగుతుంది. ఆ కబురు నరం ద్వారా నడుము దగ్గర వెన్నుపాముకు పోయి, అక్కడి నుండి "ముడుచుకో" అన్న ఆజ్ఞగా తిరిగి కండరానికే వస్తుంది. మెదడును అడిగే పనే లేదు. అంతా సెకనులో 20వ వంతు లోపలే మొదలైపోతుంది. మన పాఠ్యపుస్తకాల్లో ప్రతీకార చర్య అని చదువుకున్నది ఇదే. దీన్ని 1875లో జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు వైద్యులు వేరువేరుగా ఒకే పత్రికలో ప్రకటించారు. తమాషా ఏమంటే, ఇది వెన్నుపాము ద్వారా జరిగే ప్రతీకార చర్య అని ఎర్బ్ అంటే, కాదు, కండరమే నేరుగా స్పందిస్తోందని వెస్ట్‌ఫాల్ అన్నాడు. అంటే మోకాటి జర్క్ మీద డాక్టర్ల భిన్నాభిప్రాయం దాని పుట్టుకతోనే పుట్టింది! చివరికి ఎర్బ్ మాటే నిలిచింది.

ఇక ప్లస్సుల సంగతి. 0 నుండి 4 వరకు లెక్క. 0 అంటే కదలలేదని, 2 అంటే మామూలని, 4 అంటే చాలా ఎక్కువని. మధ్యలోని 1, 3 కూడా ఆరోగ్యవంతుల్లో ఉండవచ్చు. ఇది థర్మామీటరులో పాదరసం లాంటి కొలత కాదు, కంటి అంచనా. కూర మీద ఉప్పు సరిపోయిందా అని ముగ్గురిని అడిగినట్టు. సుత్తి బరువు మారినా, కాలు వేలాడే తీరు మారినా, దెబ్బ అంగుళం పక్కకు పడినా అంకె మారుతుంది. రెండు చేతుల వేళ్లు కొక్కేల్లా పెనవేసి గట్టిగా లాగమంటే జర్క్ పెరుగుతుందని 1885లోనే యెండ్రాసిక్ అనే హంగేరీ వైద్యుడు చూపించాడు. ఆందోళనలో ఉన్నవాడి జర్కులు సహజంగానే చురుగ్గా ఉంటాయి. అంటే "నాకేమైందో" అని వణుకుతూ పోయినవాడికి మూడు ప్లస్సులు రావడంలో వింత లేదు. భయమే అంకెను పెంచుతుంది, పెరిగిన అంకె మళ్లీ భయాన్ని పెంచుతుంది.

డాక్టరు కన్ను కూడా మనిషి కన్నే. 1977లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ గైన్, బాంకె అనే పరిశోధకులు అరికాలు గీసినప్పుడు బొటనవేలు కదిలే ఫిల్ములను నరాల డాక్టర్లకు చూపించారు. వేలు పైకి లేచిందో, కిందికి వంగిందో స్పష్టంగా తేలని ఫిల్ములవి. రోగి గురించి ముందు చెప్పిన కథ మారితే, అదే ఫిల్ములో వాళ్లు చూసిందీ మారిందని తేలింది. ఇందులో మోసం లేదు, అజ్ఞానం లేదు. కాబట్టి ఇద్దరు డాక్టర్లకు ఒక ప్లస్సు తేడా వస్తే, అందులో ఒకరు దొంగ కావలసిన పనిలేదు.

అయినా మనవాళ్లకు ఇంత భయమెందుకు? దానికి మన గోడలు కూడా కారణమని నా అభిప్రాయం. ఏ ఊళ్లో బస్టాండు పక్కన గోడ చూసినా "నరాల బలహీనత" అని పెద్ద అక్షరాలు, కింద ఒక లాడ్జి పేరు, డాక్టరు వచ్చే తేదీ. ఆ రెండు మాటల్లో ఒక కుర్రవాడి సిగ్గు, మగతనం గురించిన దిగులు, నీరసం, పరీక్షల బెంగ అన్నీ కలిపి మూటగట్టారు. వైద్యశాస్త్రంలో నరాల జబ్బు వేరు, ఆ గోడ మీది మాట వేరు. కానీ "జర్క్ తక్కువ" అని డాక్టరు నోట రాగానే మన కుర్రవాడికి వినబడేది గోడ మీది మాటే. అది ఇంట్లో చెప్పుకోలేడు, స్నేహితులకు చెబితే నవ్వుతారు. లోలోపల కుమిలిపోతాడు.

అట్లాగని సుత్తి దండగని నేననడం లేదు. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు గట్టిపడి వంగిపోయిన పల్లెజనాన్ని గురించి రాశారు. అట్లాంటి జబ్బు ముదిరి ఎముక పెరిగి వెన్నుపామును నొక్కితే కాళ్లు బిగుసుకుపోతాయి, మోకాటి జర్కులు విపరీతంగా పెరుగుతాయి, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది. అక్కడ సుత్తి చెప్పేది నిజమైన వార్త. కానీ అక్కడ అది ఒంటరిగా చెప్పదు. నడక మారడం, కాలు ఈడ్చడం, చెప్పు తెలియకుండా జారిపోవడం, ఒకవైపుకూ ఇంకోవైపుకూ స్పష్టమైన తేడా, స్పర్శ పోవడం, మూత్రం మీద అదుపు తప్పడం, ఇట్లాంటి సాక్షులు తోడుంటాయి. అవి ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. అవేవీ లేక, బలం సరిగా ఉండి, రెండువైపులా ఒకేలా ఉంటే, వట్టి ప్లస్సు ఒక్కటే జబ్బు కాదు.

రెండో అభిప్రాయం అడగడం రోగి హక్కు. దాన్ని కాదనే అధికారం ఎవరికీ లేదు. అయితే అది ఓట్ల లెక్కింపులా సాగకూడదు. ముగ్గురు డాక్టర్ల దగ్గర మూడు కొత్త చీటీలు రాయించుకోవడం కంటే, మొదటి చీటీ రెండో ఆయన ముందు పెట్టి "సార్, ఈ తేడాకు అర్థమేమిటి?" అని అడగడం మేలు. డాక్టర్లకూ ఒక విన్నపం. మూడు ప్లస్సులని రాసే చేత్తోనే "నీకిది మామూలే" అనో, "నెల తర్వాత మళ్లీ చూద్దాం" అనో తెలుగులో ఒక్క వాక్యం చెప్పండి. ఆ వాక్యానికి అరనిమిషం పడుతుంది. అది లేక ఒక కుటుంబం అప్పులపాలవుతోంది.

నంద్యాల 2022లో జిల్లా కేంద్రమైంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. సంతోషమే. కానీ హాస్టలు కుర్రవాడికి కావలసింది పెద్ద భవనం కంటే ముందు, తన పేరు గుర్తుపెట్టుకునే డాక్టరు. ప్రతి కళాశాలలో వారానికొకసారైనా అదే డాక్టరు రావాలి, ప్రతి విద్యార్థికీ ఒక ఫైలు ఉండాలి. నిరుటి జర్క్ ఎంతో ఆ ఫైలులో ఉంటే, ఈ ఏటి జర్క్ చూసి బెదరాల్సిన పనుండదు. విద్యార్థి సంఘాలు ఎన్నికలప్పుడు ఇచ్చే వాగ్దానాల్లో దీన్నీ ఒకటిగా చేర్చాలి. భయమే జబ్బుగా మారి నిద్ర పట్టనివాళ్లు, 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ భయం కూడా ఒక బాధే, దానికీ వైద్యముంది.

మిత్రులారా, రాత్రిపూట మంచం మీద కూర్చొని మోకాలు కొట్టుకునే వాడు మీ గదిలోనే ఉండవచ్చు. వాణ్ణి ఎగతాళి చేయకండి, "ఏమీ లేదులే పడుకో" అని తోసిపుచ్చకండి. చీటీలన్నీ ఒకచోట పెట్టించి, వాడితోపాటు ఒక్క డాక్టరు దగ్గరికి మీరూ పోండి. వాడు అడగలేని ప్రశ్న మీరు అడగండి.