నేల ఫెయిలైతే శిక్ష మనుషులకా?

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో లౌండెస్ కౌంటీ ఉంది. అక్కడి జనాభాలో 70 శాతానికి పైగా నల్లజాతి ప్రజలే. 1965లో ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గోమరీకి సాగిన పాదయాత్ర ఈ కౌంటీ మీదుగానే నడిచింది. ఓటు వచ్చింది కానీ, మురుగునీరు పోయే దారి మాత్రం నేటికీ చాలా ఇళ్లకు లేదు.

ఊరి మురుగు కాలువకు దూరంగా ఉన్న ఇంటికి సెప్టిక్ ట్యాంకు కావాలి. ట్యాంకు నుంచి వచ్చే నీరు నేలలో ఇంకాలి. ఆ నేల పనికొస్తుందో లేదో తేల్చేది ఇంకుడు పరీక్ష. గుంట తవ్వి, నీళ్లు పోసి నానబెట్టి, నీటిమట్టం ఒక అంగుళం దిగడానికి ఎంతసేపు పడుతుందో కొలుస్తారు. మరీ త్వరగా దిగితే మురుగు శుద్ధి కాకుండానే భూగర్భ జలంలో కలుస్తుంది. దిగకపోతే పైకి ఉబికి వాకిట్లో నిలుస్తుంది. కాబట్టి పరీక్ష అవసరమే. దానితో మనకు పేచీ లేదు.

పేచీ ఫలితం వచ్చాక ఏం జరుగుతుందన్న దగ్గర. లౌండెస్‌ది జిగట నల్లమట్టి. ఒకప్పుడు బానిసల చేత పత్తి పండించి యజమానులను కుబేరులను చేసిన నేల అది. బానిసల వారసులు ఇప్పుడు అదే నేల మీద ఇళ్లు కట్టుకుంటే నీరు ఇంకదు. మామూలు ట్యాంకు చాలదు. ప్రత్యేక వ్యవస్థకు వేల డాలర్లు, చాలాసార్లు 20 వేలకు పైనే, కావాలి. అంత పెట్టలేని కుటుంబాలు పైపును ఇంటి వెనక గుంటలోకి వదిలాయి. రాష్ట్ర చట్టం దాన్ని నేరమంది. అరెస్టులూ జరిగాయి. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో పరీక్షించిన 55 మందిలో 19 మందికి కొంకిపురుగు జాడలు కనిపించాయి.

ఆ కౌంటీలో పెరిగిన కేథరిన్ కోల్‌మన్ ఫ్లవర్స్ ఏళ్ల తరబడి పోరాడారు. 1964 పౌరహక్కుల చట్టం కింద కేంద్ర న్యాయశాఖ 2021లో విచారణ మొదలుపెట్టింది. 2023 మేలో ఒప్పందం కుదిరింది. ఈ కారణంతో ప్రజలపై కేసులు పెట్టడం ఆపుతామని రాష్ట్ర ఆరోగ్యశాఖ ఒప్పుకుంది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది.

ఇది మన కథ కూడా. మన నల్లరేగడి కూడా తడిస్తే ఉబ్బుతుంది, నీటిని తొందరగా వదలదు. దళితవాడలు ఎన్నోచోట్ల ఊరి పల్లంలోనే ఉన్నాయి. స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయలిచ్చి ఇంకుడు గుంతల మరుగుదొడ్లు కట్టించారు. మన దగ్గరా భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ఇంకుడు పరీక్ష గురించి చెబుతోంది. నీరు 25 మిల్లీమీటర్లు దిగడానికి 60 నిమిషాలు దాటే నేలకు వేరే పద్ధతి చూడాలంటోంది. మీ వాడలో మరుగుదొడ్డి కట్టే ముందు ఎవరైనా గుంట తవ్వి, నీళ్లు పోసి, గడియారం చూశారా?

ఇంకని గుంత త్వరగా నిండుతుంది. నిండిన గుంతలోకి ఎవరిని దించుతారో మనకు తెలుసు. మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించే చట్టం 2013లోనే వచ్చింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణం పోయాక లెక్కగట్టే ఆ డబ్బు కంటే ముందే గుంట తవ్వి చూసే ఖర్చు ఎంత?

కాబట్టి మన డిమాండ్ రెండు ముక్కల్లో ఉండాలి. ప్రభుత్వ సొమ్ముతో కట్టే ప్రతి మరుగుదొడ్డికీ ముందు నేల పరీక్ష జరగాలి, ఫలితం పంచాయతీలో అందరికీ కనిపించాలి. నేల ఫెయిలైతే వేరే వ్యవస్థకయ్యే ఖర్చు ప్రభుత్వానిదే కావాలి. మొదటిది లేకుండా రెండోది అడగలేం. రెండోది లేకుండా మొదటిది తెస్తే, లౌండెస్‌లో జరిగినట్టు, పరీక్షే పేదవాడి మీద కేసవుతుంది. మీ గ్రామంలో ఆ పరీక్ష రికార్డు ఉందా అని సమాచార హక్కు దరఖాస్తుతో అడగడం ఈ వారమే మొదలుపెట్టవచ్చు.