తేమ తగిలిన శుభలేఖ

శ్రావణమాసం ముహూర్తం. నగరంలో మా బంధువులింట శుభలేఖలొచ్చాయి. నిగనిగలాడే ఆర్ట్‌ కార్డు. మూలలకు పసుపు రాద్దామని కట్ట విప్పితే ఏముంది, సగం కార్డులు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. కొన్నింటి వెనక పక్క కార్డు ఎర్రసిరా అంటుకుంది. వినాయకుడి రంగు గీత దాటింది.

''ప్రెస్సువాడు ముంచేశాడు'' అన్నారు పెద్దాయన. పాపం, సగం తప్పు గాలిది!

ఆర్ట్‌ పేపరంటే మామూలు కాగితమే. దానిమీద తెల్లమట్టి, సున్నపురాయి పొడి జిగురుతో కలిపి, గోడకి సున్నం వేసినట్టు పూత పూస్తారు. సిరా ఇంకిపోకుండా పైనే నిలిచి బొమ్మ మెరుస్తుంది. లోపల ఉన్నది మాత్రం నారే. తేమ పీల్చి ఉబ్బుతుంది. పూత ఒకవైపే ఉంటే రెండోవైపు ఎక్కువ సాగి కార్డు వంగుతుంది. ఒక రంగు పడి రెండోది పడేలోగా కాగితం వెంట్రుకవాసి పెరిగినా బొమ్మ చెదురుతుంది. తేమకి సిరా ఆలస్యంగా ఆరుతుంది. ఈలోగా దొంతర పెడితే పై కార్డుకి అంటుతుంది.

ప్రెస్సులో గాలి తేమ 50-55 శాతం ఉంటే మేలంటారు. ఒకపక్క వైనతేయ, మరోపక్క సముద్రం, చుట్టూ కొబ్బరితోటలు. వానాకాలంలో మనకి 80 దాటడం మామూలే. అందుకే కార్డులు వారం ముందే వేయించండి. పసుపు పల్చగా రాయండి.

కార్డు పోతే మళ్లీ వేయించుకోవచ్చు. పెళ్లి ఆల్బమో? 2022 జులై వరదకి భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. కోనసీమ లంకల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలా తడిసిన నున్నటి పేజీలు దొంతరగా ఆరితే పూతలోని జిగురు మెత్తబడి అట్టలా అతుక్కుపోతాయి. తర్వాత లాగితే బొమ్మ పూతతో సహా ఊడొస్తుంది. కాబట్టి తడిగా ఉండగానే పేజీలు మెల్లగా విడదీయాలి. మధ్యలో బటర్‌పేపరు పెట్టి, నీడన ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఎండ వద్దు. అంత తీరిక లేకపోతే ప్లాస్టిక్‌ కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టండి. గడ్డకట్టినంతకాలం అతుక్కోవు. వీలు చిక్కాక కరగనిచ్చి, ఆరకముందే విడదీసుకోవచ్చు.

మావాళ్ల కార్డులంటారా? చాపమీద పరచి ఫ్యాను వేశాం. ఆరాక పీటల కింద పెడితే చాలావరకు చక్కబడ్డాయి. సిరా మరకలున్నవి దగ్గరివాళ్లకే ఇచ్చాం. కార్డు వెనక్కి తిప్పి చూసినవాళ్లు ఒక్కరూ లేరు!