డిస్కుకు ఇంకా పాత ఓనరే గుర్తున్నాడు

పాత కంప్యూటర్ పాడైంది. హార్డ్ డిస్కు ఊడదీసి, యూఎస్‌బీ కేసులో పెట్టి కొత్త ల్యాప్‌టాప్‌కు తగిలించారు. ఫోల్డర్లన్నీ కనిపిస్తున్నాయి. తీరా మీ పేరున్న ఫోల్డర్ నొక్కితే, తెరవడానికి మీకు పర్మిషన్ లేదంటుంది. నా ఫొటోలు నేను చూసుకోవడానికి ఎవరి పర్మిషన్ కావాలని ఒళ్లు మండుతుంది కదూ?

అసలు సంగతేంటంటే, విండోస్ మిమ్మల్ని పేరుతో గుర్తుపట్టదు. అకౌంట్ తెరిచినప్పుడే ఒక పొడవాటి నంబర్ ఇస్తుంది. మన ఇళ్లలోని కంప్యూటర్లలో అది ఎస్-1-5-21 అని మొదలవుతుంది. ఈ ఫైలు ఎవరిది, ఎవరు తెరవొచ్చు అన్నది ఆ నంబర్లతోనే డిస్కులో రాసి ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో అదే పేరు పెట్టుకున్నా నంబర్ మాత్రం వేరు. గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో పాత లిస్టే ఉంది, అందులో మీరు లేరు. అంతే!

ఉప్పల్‌లో మా పై పోర్షన్ అక్కకు ఇదే ఎదురైంది. బావ 2021లో కరోనాతో పోయారు. ఆయన వాడిన డెస్క్‌టాప్ మొన్న వేసవిలో ఆగిపోయింది. పాప మొదటి పుట్టినరోజు వీడియో అందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు. నాచారంలో ఒక షాపుకు తీసుకెళ్తే, “డిస్కు బాగుంది, ఫైల్స్ లాకయ్యాయి, 8 వేలవుతుంది, గ్యారంటీ లేదు” అన్నారట. “తమ్ముడూ, అందులో ఆయన గొంతుంది. అదొక్కటి వస్తే చాలు” అంది.

ముందు డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కు మీదకు క్లోన్ చేశాను. మా ఉప్పల్ పక్కనే, రామంతాపూర్‌లో సెంట్రల్ ఫోరెన్సిక్ సైన్స్ లేబొరేటరీ ఉంది. డిజిటల్ సాక్ష్యాలు చూసే ఫోరెన్సిక్ వాళ్లు మొదట నేర్చుకునేది ఇదే: అసలు దాన్ని కదపకు, కాపీ మీద పనిచెయ్. మనమూ అంతే. డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే మాత్రం వెంటనే తీసేయండి. అది పర్మిషన్ గొడవ కాదు, డిస్కే పోతోందని అర్థం.

తర్వాత అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌లోకి వెళ్లి ఫోల్డర్ తెరవండి. ‘కంటిన్యూ’ అని అడిగితే నొక్కండి. చాలాసార్లు దాంతోనే పనైపోతుంది. కాకపోతే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌కు వెళ్లండి. ‘ఓనర్’ పక్కన ‘చేంజ్’ నొక్కి మీ అకౌంట్ పేరివ్వండి. లోపలి ఫోల్డర్లకూ వర్తించేలా కింద ఉన్న గడిలో టిక్ పెట్టి ఓకే చేయండి. ఆ తర్వాత సెక్యూరిటీలోనే ‘ఎడిట్’ నొక్కి, మీ పేరు చేర్చి ‘ఫుల్ కంట్రోల్’ ఇవ్వండి. డిస్కు మొత్తానికి వద్దు, కావలసిన ఫోల్డర్ వరకే.

అక్క వీడియో వచ్చింది. ఒక్క పైసా ఖర్చు కాలేదు.

ఇప్పుడు అసలు ఆలోచించాల్సింది చూడండి. నేను ఇంత తేలిగ్గా తెరవగలిగానంటే, మీరు అమ్మేసిన పాత ల్యాప్‌టాప్‌ను ఇంకొకరూ తెరవగలరు. విండోస్ పాస్‌వర్డ్ దీన్ని ఆపదు. ఆపేది ఎన్‌క్రిప్షన్. డ్రైవ్ మీద తాళం బొమ్మ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగితే అది బిట్‌లాకర్. అక్కడ ఓనర్ పేరు మార్చే ఉపాయం పనిచేయదు. కీ లేకపోతే ఫైల్స్ లేనట్టే.

మీ చేతిలోని ఫోనూ ఈ రెండో రకమే. ఆండ్రాయిడ్ 10తో మొదలై కొత్త ఫోన్లన్నింటికీ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. ఫోన్ చచ్చిపోతే లోపలి చిప్ ఊడదీసి చదివినా పిచ్చిగీతలే వస్తాయి.

అందుకే ఇవాళ రెండు పనులు చేయండి. ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఉందేమో చూసి, ఆ 48 అంకెలు కాగితం మీద రాసి, ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. ఫోన్‌లో పోకూడని వీడియోలను ఇంకోచోట కాపీ చేసి పెట్టండి. అమ్మానాన్నల గొంతులున్నవి ముందు.