పనియు, పట్టెడన్నమును

“కూర్చుండి తిన్న కొండలైనను కరగును” అని మన పెద్దల మాట. ప్రభుత్వము పేదలకిచ్చు పింఛనులను, బియ్యమును ఆక్షేపించువారు తరచుగా ఈ సామెతనే ఉదాహరించుచుందురు. ఊరక పెట్టిన అన్నము మనిషిని సోమరిని చేయుననియు, సహాయము పొందు ప్రతివాడును దానికి బదులుగా పనిచేయవలెననియు వారి వాదము. సామెత మంచిదే. కాని అది కొండలున్నవానికి చెప్పిన హితవు. కరగుటకు కొండయే లేనివానికి దానిని వర్తింపజేయుట న్యాయమా?

ఈ ప్రశ్న మన సీమకు కొత్తది కాదు. గూడూరునకు తూర్పున, సముద్రతీరము వెంబడి సాగు బకింగ్‌హాం కాలువను మన విద్యార్థులెరుగుదురు. 1876-78 నాటి ధాత కరవులో ఆ కాలువకు చెందిన చెన్నపట్నపు భాగమును కరవు కూలీలచేత తవ్వించిరి. నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు కాలువకు నిలిచినది. తట్ట మోసినవారిలో ఒక్కరి పేరును మనకు తెలియదు.

తిండి కావలసినవాడు మట్టి మోయవలెననునదే నాటి నియమము. పని కఠినముగాను, కూలి స్వల్పముగాను ఉన్నచో నిజముగా ఆకలిగొన్నవాడే వచ్చునని పాలకుల ఊహ. ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టమునకును ఇట్టి ఊహయే పునాది. 1877లో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా చెన్నరాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, దినమంతయు పనిచేసిన పురుషునికి ఒక పౌను ధాన్యము, పైన కొద్దిపాటి చిల్లర చాలునని నిర్ణయించెను. రాజధాని ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిష్ దానిని నిరసించి, ఒకటిన్నర పౌను ధాన్యమైనను, దానితో పప్పును కూరలును లేనిదే పనిచేయు దేహము నిలువదని వాదించెను. కొన్ని నెలలకే చెన్న ప్రభుత్వము కూలిని కొంత పెంచవలసివచ్చెను. ఆ కరవులో లక్షలాది జనులు మరణించిరి. ఆకలిని పరీక్షించుటకు బలమును కొలబద్దగా పెట్టుటలోనే దోషమున్నది. ఆకలి మొదట తినునది బలమునే గదా!

అట్లని పనికి ప్రతిఫలముగా కూలి యిచ్చుట తప్పని నా అభిప్రాయము కాదు. పేదవాడు భిక్షకంటె కూలినే గౌరవముగా భావించును. అందుచేతనే 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము పాత నియమమును తలక్రిందులు చేసినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో దానిని ప్రారంభించిరి. ఏటికి నూరు దినముల పని కోరు హక్కు కూలివాని కుటుంబమునకు లభించినది. పదునైదు దినములలో పని చూపనిచో ప్రభుత్వమే భృతి చెల్లింపవలెను. పని అయిదు కిలోమీటర్లు దాటి యున్నచో కూలి నూటికి పది చొప్పున పెంచవలెను. 1877లో షరతు ఆకలిగొన్నవానిపై నుండెను. 2005లో ప్రభుత్వముపైకి మారినది. రెండింటిలోను చేయునది మట్టిపనియే; కాని మొదటిది పరీక్ష, రెండవది హక్కు.

కోతల కాలమున కూలీలు దొరకరను రైతు మొరను నేను కొట్టివేయను. మన నిమ్మతోటల యజమానులును ఈ మాట చెప్పుదురు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టము పనిదినములను 125కు పెంచి, సేద్యపు పనులు ముమ్మరమైన కాలమున అరువది దినముల వరకు ప్రభుత్వపు పనులను ఆపుటకు వీలు కల్పించినది. కాని ఆ అరువది దినములలో ఏ రైతును పిలువని ముసలి కూలికి గతి యేమి? రైతుకు కూలి దొరకుట ఎంత అవసరమో, కూలికి పూట గడచుట అంతకంటె అవసరము.

ఇక పనిచేయలేనివారి మాట. మన బడులలో మధ్యాహ్న భోజన పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరున్నది. లంకల గన్నవరమున ఆమె పెట్టిన అన్నమునకు వెల లేదు, షరతు లేదు. బడి ఊడ్చిన పిల్లవానికే అన్నమని ఏ ఉపాధ్యాయుడైన అనగలడా? వృద్ధులకును, వికలాంగులకును ఆ న్యాయమే వర్తించును. పసిబిడ్డను సాకు తల్లి ఇంట చేయు చాకిరిని పని కాదనువారు ఒక్కదినము దానిని చేసి చూడవలెను.

మరియొక సంగతి. మన రాష్ట్రమున 2004 నుండి సేద్యమునకు విద్యుత్తును ఉచితముగా ఇచ్చుచున్నారు. అది అవసరమే. కాని దానికి బదులుగా ఎంత పనిచేసితివని మోటారు గల ఆసామిని ఎవ్వరును అడుగరు. ప్రశ్న తట్ట మోయువాని దగ్గరనే పుట్టుచున్నది.

చేయగలవానికి దగ్గరలో పని, చాలినంత కూలి, సకాలమున చెల్లింపు: ఈ మూడును ముందుగా చూపిన ప్రభుత్వమునకే పని అడుగు అర్హత కలుగును. అవి చూపక పెట్టు షరతు పనిని నేర్పదు. ఆకలిని కంటికి కనబడకుండ దాచును. కొండలు కరగునని భయపడువారు ముందుగా కొండ ఎవరి చేతిలో నున్నదో చూడవలెను.